పిల్లల వైద్యంలో నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే ముందు ఇక్కడ ఎం.ఎస్సీ. చేయాలా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, హైదరాబాద్):
నేను బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి, లక్డీకాపూల్ ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల ఐ.సి.యు.లో పని చేస్తున్నాను. అమెరికాలో పిల్లలను పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందులు కూడా రాసే పీడియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్‌గా ధ్రువీకరణ పొందాలని నా కోరిక. ఇక్కడే చైల్డ్ హెల్త్ నర్సింగ్‌లో రెండేళ్ల ఎం.ఎస్సీ. చేస్తే అక్కడ నేరుగా ఆ ధ్రువీకరణ పరీక్ష రాయవచ్చునని మా సీనియర్లు అంటున్నారు. ఇంట్లోవారు మాత్రం ఫీజు కట్టే ముందు నలుగురినీ విచారించమంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (నర్సింగ్ అధ్యాపకురాలు, సికింద్రాబాద్):
మీ ఇంట్లోవారి మాటే సబబమ్మా. మా ఎం.ఎస్సీ. బోధనకు, పరిశోధనకు, వార్డు నిర్వహణకు తయారు చేసే చదువు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లోనూ మిడ్‌వైఫరీలోనూ (ప్రసూతి సేవలు) ప్రాక్టీషనర్ కోర్సులు తెచ్చింది గానీ, అవి కూడా మీరు అడిగిన ధ్రువీకరణకు దారి తీయవు.

జవాబు (నర్స్ ప్రాక్టీషనర్, టెక్సాస్, సొంత ఊరు హైదరాబాద్):
మేడమ్ గారు చెప్పినది నిజం. ఈ వృత్తికి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి నాంది పలికారు. అంటే నర్స్ ప్రాక్టీషనర్ అనే హోదా మొదట పుట్టిందే పిల్లల కోసం. ఇప్పుడు ధ్రువీకరణ ఇచ్చే పీడియాట్రిక్ నర్సింగ్ సర్టిఫికేషన్ బోర్డు, అక్కడ గుర్తింపు పొందిన మాస్టర్స్ లేదా డాక్టరేట్ కోర్సును పిల్లల ప్రాక్టీషనర్ విభాగంలోనే, నిర్ణీత క్లినికల్ గంటలతో సహా పూర్తి చేసినవారినే పరీక్షకు అనుమతిస్తుంది.

ఆ కోర్సులో చేరాలంటే సాధారణంగా ముందుగా అక్కడి రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు ఉండాలి. కాబట్టి సర్టిఫికెట్ల మదింపు (మీ చదువు అక్కడి చదువుకు సరితూగుతుందో లేదో చూడడం), ఆ తర్వాత ఆ లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష మీ మొదటి మెట్లు. ఎన్‌క్లెక్స్‌కు హైదరాబాదులోనే కేంద్రం ఉంది. ఉద్యోగం ఆధారంగా వెళ్లాలనుకుంటే మన దేశం వారికి వీసా కోసం ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదు. కన్సల్టెన్సీలు ఈ సంగతి గట్టిగా చెప్పవు.

చేరే ముందే తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ప్రాథమిక సంరక్షణ, తీవ్ర సంరక్షణ అని రెండు వేర్వేరు పరీక్షలు ఉన్నాయి. మొదటిది టీకాలు, ఎదుగుదల, మామూలు జబ్బులు, ఉబ్బసం వంటి దీర్ఘకాలిక సమస్యలు చూసే క్లినిక్ పనికి, రెండోది ఐ.సి.యు. వంటి చోట్ల పరిస్థితి క్షణక్షణం మారే పిల్లలను చూసే పనికి. ఏ కోర్సు చదివితే ఆ పరీక్షే రాయాలి. మీ అనుభవం రెండోదానికి సరిపోతుంది. మందులు రాసే అధికారం కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సాస్‌లో వైద్యుడితో రాతపూర్వక ఒప్పందం కావాలి, అరిజోనాలో అక్కరలేదు.

జవాబు (పిల్లల వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్, హైదరాబాద్):
అంతమాత్రాన ఎం.ఎస్సీ. వృథా అనుకోవద్దు. ఇక్కడే ఉండి కళాశాలలో బోధించాలనుకుంటే అదే కావాలి. వెళ్లడమే ఖాయమైతే మాత్రం ఆ రెండేళ్లూ ఐ.సి.యు.లోనే కొనసాగండి, పిల్లల అత్యవసర ప్రాణరక్షణ శిక్షణ పూర్తి చేయండి, అనుభవ పత్రంలో విభాగం పేరు స్పష్టంగా రాయించుకోండి. ఉత్త “స్టాఫ్ నర్సు” అని రాసి ఇస్తే పిల్లల విభాగంలో పని చేసినట్టు చూపించడం కష్టమవుతుంది. మదింపు కోసం కళాశాల నుంచి వెళ్లవలసిన ట్రాన్‌స్క్రిప్టులకు (చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పత్రాలు) మాత్రం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి; ఆలస్యమయ్యేది సాధారణంగా అక్కడే.