దేవుడు ముందే ఎన్నుకుంటే మన నిర్ణయం ఏటవుతాదండి?

అందరికీ వందనాలండి. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి పక్కన పల్లె, బాప్టిస్టు సంఘం. మా తమ్ముడు ఈమధ్య యూట్యూబ్‌లో కాల్వినిస్టుల (రక్షణ పొందేవాళ్లని దేవుడే ముందుగా ఎన్నుకున్నాడని చెప్పేవాళ్ల) ప్రసంగాలు తెగ వింటన్నాడు, అప్పట్నుంచి యూత్ మీటింగ్‌లో రోజూ ఇదే గొడవ. జగత్తు పునాదికి ముందే దేవుడు ఏర్పరచుకున్నాడని ఎఫెసీ 1:4 తీస్తాడు, తండ్రి ఆకర్షిస్తేనే గానీ ఎవడూ రాలేడని యోహాను 6:44 తీస్తాడు, ఇక దేవుడు ఎవర్ని కరుణించాలనుకుంటే వాళ్లనే కరుణిస్తాడనే రోమా 9 అయితే కంఠతా వచ్చీసింది. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడనే 1 తిమోతి 2:4 నేను చూపిస్తే "అందరూ అంటే అన్ని రకాల మనుషులు" అంటాడు. ఇది నాకు తప్పించుకోడంలాగే ఉంది. యెరూషలేము గురించి ప్రభువు "మీరు ఒల్లకపోతిరి" అన్నాడు కదా (మత్తయి 23:37), ఒల్లకపోడం వాళ్ల చేతిలో లేకపోతే ఆ మాటకి అర్థమేటి?

ఈ విషయంలో కాల్వినిస్టులతో విభేదించిన డచ్చి పండితుడు అర్మీనియస్ శిష్యులు 1610లో ఐదు అంశాలు రాస్తే 1618-19లో నెదర్లాండ్స్‌లో డోర్ట్ అనే ఊళ్లో జరిగిన సంఘ సభ వాటిని కొట్టేసిందని చదివాను. అర్మీనియస్ కూడా కృప లేకుండా మనిషి తనంతట తాను నమ్మలేడనే అన్నాడంట, మరి తేడా అంతా ఆ కృపని కాదనగలమా లేదా అన్నదగ్గరేనా?

నాకు అసలు బాధ వేరే. మా అత్త కొడుకు గుడికి రావడం మానేసినాడు, ఆవిడేమో "మావోడు ఏర్పాటులో లేడేటమ్మా" అని నన్నడుగుతంది, ఆవిడకేం చెప్పాలి? నిత్యజీవానికి నిర్ణయింపబడినవాళ్లంతా నమ్మారనే అపొ. కార్యములు 13:48ని అర్మీనియన్లు ఎలా వివరిస్తారో కూడా తెలిసినోళ్లు చెప్పండి. తిట్టుకోకుండా రాయండి ప్లీజ్.