అల్లరి పిల్లాణ్ణి స్కౌట్స్‌లో వేస్తే దారికొస్తాడా?

పెన్నాగట్టు: మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి, నెల్లూరే. గోడ దూకడం, బెంచీల నట్లు ఊడబీకడం, మొన్న సార్ల బండ్లన్నిటికీ గాలి తీశాడు. డ్రిల్లు సారేమో స్కౌట్స్‌లో వేయమంటాడు. మా బావ "కోతి మెడకి స్కార్ఫు కడితే గంతులు మానుద్దా" అంటాడు. ఏం చెయ్యాల?

ఒంగోలు పంతులు: చేర్చబాకండి. ఇరవై ఏళ్లు బడిలో చూశా. పంద్రాగస్టుకి కవాతు, పెద్దలెవరన్నా వస్తే ఎండలో వరసగా నిలబెట్టడం. తృతీయ సోపాన్, అంటే స్కౌట్స్‌లో మూడో మెట్టు పరీక్షకి వచ్చిన పిల్లాడికి రీఫ్ నాట్ అనే మామూలు ముడి వెయ్యడం రాదు, లాగ్‌బుక్కు మాత్రం నిండుగా ఉంటది. అల్లరోడు రెండో వారానికే పారిపోతాడు.

ఉలవపాడోణ్ణి: పంతులుగారూ, ఆ కోతిని నేనే. తోటల్లో కాయలు దొంగిలించి కావలాయన చేత తన్నులు తిన్నోణ్ణి. మా సారు నన్నేం మార్చలేదు, పెట్రోల్ లీడర్ని, అంటే ఒక చిన్న జట్టుకి నాయకుణ్ణి చేశాడంతే. ఎనిమిది మందిమి. మొదటి క్యాంపులో పొయ్యి నా పని. అన్నం అడుగంటింది. తిడతారని కాచుక్కూర్చున్నా. ఒక్కడూ కిక్కురుమనలా, మాడింది పక్కకి గీకి మిగతాది తిన్నారు. కావలాయన దెబ్బలు ఇంటికొచ్చేలోపే మర్చిపోయా, ఇది మర్చిపోలా. తర్వాత రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడ డ్యూటీ వేశారు, తప్పిపోయిన పిల్లల్ని వెతకను. ఇల్లొదిలి తిరిగినోణ్ణి కదా, వాళ్లు ఏ బొమ్మల అంగడి ముందు నిలబడి ఉంటారో నాకు తెలుసు!

ఒంగోలు పంతులు: మంచి సారు దొరికాడు నీకు. అది స్కౌట్స్ గొప్పేం కాదు.

ఉలవపాడోణ్ణి: సారు గొప్పే, కాదన్ను. కానీ పిల్లల్ని చిన్న జట్లు చేసి, వాళ్లలో ఒకడికే పెత్తనం ఇవ్వడం ఆయన కనిపెట్టింది కాదే. 1907లో ఇంగ్లండులో బ్రౌన్‌సీ దీవిలో, స్కౌట్స్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఓ 20 మంది పిల్లలతో పెట్టిన మొదటి క్యాంపులోనే ఉంది. మీరు చూసిన బళ్లలో ఆ పెత్తనం ఎప్పుడన్నా పిల్లల చేతికిచ్చారా?

ఒంగోలు పంతులు: ఇవ్వలా. ఇస్తే గొడవలవుతాయని హెడ్‌మాస్టర్లకి భయం. నాకూ ఉండింది, దాచేదేముంది. పెన్నాగట్టూ, చేర్చే ముందు ఆ డ్రిల్లు సారుని ఒక్కటే అడుగు: క్యాంపుకి తీసకపోతాడా, కవాతుకేనా?

పెన్నాగట్టు: అడిగా. డిసెంబర్లో మైపాడు కాడ రెండు రాత్రులంట, వంట పిల్లలదే. బావ ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. వాడు మాత్రం పొద్దున్నుంచీ ఇంట్లో తాడు కోసం వెతుకుతున్నాడు. ముడులు నేర్చుకోనంటాడు గానీ, పక్కింటోళ్ల మేకని చూస్తే నాకు భయంగా ఉంది.