‘రిసోర్స్ రెంట్ ట్యాక్స్’ను ‘అద్దె పన్ను’ అనవచ్చా?

ప్రశ్న:
ఆస్ట్రేలియా పార్లమెంటులో సముద్రపు గ్యాస్ మీద పన్ను గురించి నడుస్తున్న వాదనలను తెలుగులో రాయాలి. ‘పెట్రోలియం రిసోర్స్ రెంట్ ట్యాక్స్’ను ఒకరు ‘వనరుల అద్దె పన్ను’ అంటున్నారు, ఒకరు ‘రాయల్టీ’ అంటున్నారు, ఇంకొకరు ‘విండ్‌ఫాల్ ట్యాక్స్’ అంటున్నారు. ఏది వాడాలి?

జవాబు 1:
మూడూ కుదరవండీ. అద్దె అంటే లాభమొచ్చినా రాకపోయినా కట్టాల్సిన సొమ్ము. ఈ పన్ను అలా కాదు. 1987 నాటి చట్టం ప్రకారం అన్వేషణకూ, బావులకూ, ప్లాట్‌ఫారాలకూ పెట్టిన ఖర్చు మొత్తం రాబట్టుకున్నాక మిగిలిన దాని మీదే 40 శాతం. ఖర్చు తీరని ఏడాది పన్ను సున్నా. తీరని ఖర్చు పై ఏడాదికి వెళ్తుంది, వెళ్తూ పెరుగుతుంది కూడా (ఈ పెరుగుదలే ‘అప్‌లిఫ్ట్’). అన్వేషణ ఖర్చుకు ఒకప్పుడు ప్రభుత్వ దీర్ఘకాలిక బాండు రేటుకు 15 పాయింట్లు కలిపేవారు. బాండు రేటు 4 అనుకుంటే ఏటా 19 శాతం, అంటే 100 డాలర్ల ఖర్చు నాలుగేళ్లలో 200 అవుతుంది. 2019 జూలై నుంచి పెట్టే ఖర్చుకు ఆ 15ను 5 చేశారు. ఇప్పుడు రెట్టింపు కావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. ‘అద్దె’ అని రాస్తే ఈ లెక్కంతా పాఠకుడికి కనబడకుండా పోతుంది.

జవాబు 2:
డిగ్రీ అర్థశాస్త్రం పుస్తకాల్లో దీనికి మాట ఉంది: భాటకం. ఆర్థికవేత్త రికార్డో భాటక సిద్ధాంతం చదివినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. శాస్త్రవ్యాసానికి అదే సరి. పత్రికకైతే ‘వనరుల మిగులు పన్ను’ అని రాయండి, మొదటిసారి వచ్చినచోట ‘ఖర్చులు పోగా మిగిలిన దానిపై’ అని చేర్చండి. ‘లాభాల పన్ను’ అని మాత్రం వద్దు. ఆ కంపెనీలు 30 శాతం ఆదాయపు పన్ను వేరే కట్టాలి. ఈ పన్నుగా కట్టిన సొమ్మును ఆ లెక్కలో ఖర్చు కింద చూపుకుంటారు.

జవాబు 3:
‘రాయల్టీ’ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడి సభలో పేచీ దాని మీదే. రాయల్టీ అంటే తవ్వి తీసిన సరుకు విలువలో వాటా. మన గనుల శాఖ కంకరకూ గ్రావెల్‌కూ సీనరేజి వసూలు చేస్తుంది చూడండి, అలాంటిదే. తొలి టన్ను నుంచే డబ్బు వస్తుంది. గోర్గాన్, ఇక్తిస్ లాంటి పెద్ద గ్యాస్ ప్రాజెక్టులు కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సముద్ర జలాల్లో ఉన్నాయి, వాటికి రాయల్టీ లేదు, వనరు మీద పడేది మిగులు పన్ను ఒక్కటే. గ్యాస్ ఓడలకెక్కుతున్నా ఏళ్ల తరబడి పన్ను రాకపోవడానికి కారణం అదే.

2023 మేలో ట్రెజరర్ (ఆర్థిక మంత్రి) జిమ్ చామర్స్ ఒక పరిమితి ప్రకటించారు: ఎల్‌ఎన్‌జీ (ద్రవీకరించిన సహజవాయువు) ప్రాజెక్టులు ఒక ఏడాది రాబడిలో 90 శాతానికి మించి ఖర్చులు చూపకూడదు. రాబడి 1,000, పాత ఖర్చులు 3,000 అనుకోండి. ఇదివరకైతే పన్ను సున్నా. ఇప్పుడు 900 వరకే మినహాయింపు, మిగిలిన 100 మీద 40 శాతం, అంటే 40. మిగతా 2,100 ఖర్చు రద్దు కాదు, ముందుకు వెళ్తుంది. కొత్త ప్రాజెక్టుకు ఉత్పత్తి మొదలైన ఏడేళ్లదాకా ఈ పరిమితి వర్తించదు. 2024లో ఇది చట్టమైంది. ఇది చాలదు, రాయల్టీ వేయాలని గ్రీన్స్ పార్టీ పట్టు. పెట్టుబడి తిరిగి రాకముందే పన్నేస్తే కొత్త బావులు తవ్వరని పరిశ్రమ వాదన. మిగులు పన్నునే ‘రాయల్టీ’ అని రాస్తే గ్రీన్స్ అడుగుతున్నది ఎప్పుడో వచ్చేసిందని పాఠకుడు అనుకుంటాడు. ఇది చిన్న పొరపాటు కాదు.

జవాబు 4:
విండ్‌ఫాల్ పన్ను ధర ఎగసినప్పుడు, అనుకోకుండా వచ్చిన లాభం మీద వేసేది. మిగులు పన్ను అలా కాదు, అందుకే ఆ మాటా కుదరదు. బ్రిటన్ 2022 మేలో 25 శాతంతో మొదలుపెట్టి 2024 నవంబరుకు 38కి తెచ్చింది. ఉత్తర సముద్రపు గ్యాస్ మీద అంతకుముందున్న 30, 10 శాతాల పన్నులతో కలిపి 78. మన దేశంలో ముడిచమురు మీద 2022 జూలైలో వేసి 2024 డిసెంబరులో ఎత్తేశారు.

ఖర్చు ముందా, వాటా ముందా అన్న తగువు కృష్ణా–గోదావరి బేసిన్‌లోనూ ఉంది. అక్కడి డీ6 గ్యాస్ బ్లాకు ఒప్పందంలో కంపెనీ ముందు ఖర్చు రాబట్టుకుంటుంది, తర్వాతే లాభంలో పంపకం. ఖర్చు పెంచి చూపితే సర్కారు వాటా తగ్గుతుంది. అందుకే 2016లో వచ్చిన చమురు, గ్యాస్ అన్వేషణ విధానం ‘హెల్ప్’లో ఆదాయంలోనే వాటా అన్నారు. ‘ఖర్చు రాబట్టుకోవడం’, ‘ఆదాయ వాటా’ అనే మాటలు ఇక్కడా పనికొస్తాయి.

ప్రశ్న:
మరి ‘అప్‌లిఫ్ట్’కు ‘వడ్డీ’ అనొచ్చా?

జవాబు 1:
వద్దండీ. ఎవరూ ఎవరికీ చెల్లించరు, పుస్తకంలో అంకె పెరుగుతుందంతే. ‘పెంపు రేటు’ అనండి. ‘ట్రాన్స్‌ఫర్ ప్రైస్’కు ‘బదిలీ ధర’ సరిపోతుంది. బావి నుంచి ద్రవీకరణ ప్లాంటుకు వెళ్లే గ్యాస్‌కు బజారు ధర ఉండదు, రెండూ ఒకే యజమానులవి కదా. సూత్రం పెట్టి లెక్క కడతారు. ఆ ధర ఎంత తగ్గితే పన్ను పడే రాబడి అంత తగ్గుతుంది, అందుకని ఈ మాటను వదిలేయకుండా రాయండి.