యాషికా ఎలక్ట్రో 35: పచ్చలైటు రావడం లేదు, బాగు చేయించొచ్చా?

అనంత_రీలు (అనంతపురం):
అన్నలకు నమస్కారం. ఇంట్లో యాషికా ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్ అనే పాత రీలు కెమెరా ఉంది. చాలా ఏళ్లుగా తోలు కవరులోనే బీరువాలో పడి ఉండింది. 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 సెల్ కొత్తది కొని, చుట్టూ కాగితం చుట్టి వేసినా. సెల్ బాగుందో లేదో చూసే వెనక బటన్ నొక్కితే పచ్చలైటు రావడం లేదు. షట్టర్ పడుతోంది గానీ ఎండలోనైనా నీడలోనైనా ఒకటే వేగం. లెన్స్ లోపల సాలెగూడు పోగుల మాదిరి బూజు. వెనక తలుపు తెరిస్తే అంచుల్లో నల్లగా జిగురు. దీన్ని బాగు చేయించొచ్చా, పక్కన పెట్టేయాల్సిందేనా? బాగైతే లేపాక్షికి తీసుకుపోదామని ఉంది. 400 వేగం (వెలుతురుకు రీలు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) రీలు కొంటే అన్నిటికీ సరిపోతుందని ఒకాయన చెప్పినాడు, నిజమేనా?

బురుజు_35 (కర్నూలు):
పక్కన పెట్టొద్దు తమ్ముడూ. ఆ 45 ఎంఎం ఎఫ్/1.7 లెన్స్ కోసమైనా దాన్ని బతికించుకోవాల.

ఒకటే వేగం అంటున్నావు గదా, అది 1/500 సెకను. కరెంటు అందకపోతే ఈ కెమెరా ఎప్పుడూ 1/500 మీదే పడుతుంది. అంటే షట్టర్ రెక్కలు బాగానే ఉన్నాయి, కరెంటు దారిలో ఎక్కడో తెగింది. రిపేరుకు ఇచ్చే ముందు ఈ వరసలో చూడు.

మొదట సెల్. దీనికి కంపెనీ పెట్టింది 5.6 వోల్టుల మెర్క్యురీ సెల్, ఇప్పుడు దొరకదు. నువ్వు వేసిన 6 వోల్టులతో ఏ ఇబ్బందీ లేదు. కానీ 4ఎల్‌ఆర్44 పొట్టిది, సన్నది. కాగితం చుడితే సన్నం సంగతి తీరుతుంది, పొట్టి సంగతి తీరదు. సెల్‌కూ గది చివరకూ మధ్య మిగిలిన సందులో చిన్న స్ప్రింగు గానీ, అల్యూమినియం ఫాయిల్‌ను గట్టిగా ఉండ చుట్టి గానీ పెట్టు. ఫాయిల్ గది పక్కగోడకు తగలకూడదు. ప్లస్, మైనస్ ఏ దిక్కున ఉండాలో సరిచూసుకో. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

అప్పటికీ రాకపోతే సెల్ గదిలోకి టార్చి వేసి చూడు. పాత సెల్ కారిపోయి ఉంటే రేకు మీద ఆకుపచ్చగానో తెల్లగానో పొక్కు ఉంటుంది. చెవి పుల్లను వెనిగర్‌లో ముంచి, పిండేసి, రుద్దు. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వు. పుల్ల తడిగా ఉండాల, నీళ్లు కారకూడదు. రేకు మెరిసినా లైటు రాకపోతే, ఆ రేకు నుంచి పైకి పోయే వైరు పుచ్చిపోయి ఉంటుంది. అది టాంకా (సోల్డరింగ్) పని, మెకానిక్‌కు ఇవ్వాల్సిందే.

పచ్చలైటు వచ్చినాక ఇంకొక పరీక్ష. రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు పోయే కంత, ఎఫ్ అంకె) 16లో పెట్టి, ముందువైపు వెలుతురు కొలిచే మీటరు కిటికీని బొటనవేలితో పూర్తిగా మూసి నొక్కు. షట్టర్ సెకన్ల తరబడి తెరుచుకుని ఉండాల. టక్కున మూసుకుందంటే లోపలి రబ్బరు ప్యాడ్ కరిగిపోయినట్టు అనుమానించు. ఈ మోడల్‌కు అది పెద్ద జబ్బు, ప్రపంచమంతా దాన్ని ‘ప్యాడ్ ఆఫ్ డెత్’ అంటారు. ఇంకో గుర్తు: రీలు తిప్పే లివర్ లాగేటప్పుడు లోపల్నుంచి ‘టక్’ మని గట్టి శబ్దం రావాల. ప్యాడ్ పోతే ఆ శబ్దం పోతుంది, కాంటాక్టులు మళ్లీ తమ చోటికి రావు, ఎక్స్‌పోజర్ అడ్డదిడ్డం అవుతుంది. ప్యాడ్ మార్చడమనేది పైమూత విప్పి చేసే పని. ఇంతకు ముందు కెమెరా విప్పని చేతులతో వద్దు.

పెన్నా_నెగటివ్ (కడప):
ఆ నల్ల జిగురు గురించి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. వెలుతురు లోపలికి పోకుండా పెట్టిన ఫోమ్ అది, ఏళ్లు గడిస్తే ముదురు పాకంలా కారుతుంది. అగ్గిపుల్ల కొనను చెక్కి, ఆల్కహాల్ అద్ది, గాడిలో ఒకే దిక్కుకు గీకు. కెమెరాను తలుపు కిందికి ఉండేలా పట్టుకో, లేకుంటే ముక్కలు షట్టర్ మీద పడతాయి. గాడి శుభ్రమైనాక సన్నటి నల్ల ఉన్ని దారాన్ని లోపలికి నొక్కుతూ పరుచు. కీలు పక్కన మాత్రం జిగురున్న నల్ల ఫోమ్ పట్టీ కావాల. మందం ఎక్కువైతే తలుపు మూసుకోదు. బలవంతంగా మూస్తే గొళ్లెం వంగుతుంది.

బూజు సంగతి: సెల్ పనిచేసినాక బల్బ్‌లో (బటన్ నొక్కినంతసేపు షట్టర్ తెరిచే ఉండే ‘బి’ గుర్తు) పెట్టి షట్టర్ తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడు. నాలుగైదు పోగులే అయితే ఫొటోలో తెలియదు, ఎదురు ఎండలో కాస్త మబ్బుగా వస్తుందంతే. పోగులు అల్లుకుపోయి ఉంటే తుడిపించు. అద్దం మీది పూత తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. మన సీమ పొడి గాలికి బూజేమిటి అనుకుంటారు గానీ, తోలు కవరు తేమను పట్టి ఉంచుతుంది. కవరును విడిగా దాచుకో. కెమెరాను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టు. కలరా ఉండలు ఆ డబ్బాలోకి రానివ్వొద్దు.

ఫోకస్ కూడా చూసుకో. ఊరి బయటికి పోయి, కిలోమీటరు దాటి ఉన్న సెల్ టవర్‌నో కొండ కొననో చూస్తూ రింగును అనంతం గుర్తు దాకా తిప్పు. కన్ను పెట్టి చూసే కిటికీ నడుమ ఉన్న పసుపు మచ్చలోని రెండు బొమ్మలు ఒకటిగా కలవాల. పక్కకు తప్పినాయంటే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే ఏర్పాటు) సరిచేయించాల.

బురుజు_35 (కర్నూలు):
రీలు విషయంలో ఆయన మాట తప్పు. 400 వద్దు. మన ఎండలో మధ్యాహ్నం ఎఫ్/16 పెడితే 400 రీలుకు 1/400 కావాల. ఎఫ్/11కు వస్తే 1/800, ఈ కెమెరా 1/500 దాటి పోలేదు, వెలుతురు ఎక్కువైందని ఎర్రలైటు వెలుగుతుంది. బయట పొద్దంతా ఎఫ్/16లోనే ఇరుక్కుపోతావు. 200 తీసుకో. కెమెరా రీలు డబ్బా మీది కోడ్ చదవదు, ఏఎస్‌ఏ (రీలు వేగం) రింగు నువ్వే తిప్పాల. దారిలో సెల్ అయిపోతే భయం లేదు: కటిక ఎండలో 200 కలర్ నెగటివ్‌కు 1/500, ఎఫ్/8. కొంచెం ఎక్కువ వెలుతురే పడుతుంది, కలర్ నెగటివ్ దాన్ని తట్టుకుంటుంది, తక్కువ పడితేనే పాడు.

లేపాక్షి మండపం కప్పు మీది బొమ్మలకు ఫ్లాష్ వాడొద్దు. అనుమతి ఉందో ముందు అడుగు. నిలబడి కప్పుకు ఫోకస్ చేసుకో, తరువాత రింగును ఇంకో ఐదడుగుల దూరానికి జరుపు, ఎందుకంటే కెమెరా నేల మీదికి పోతుంది. వీపు మీద పడుకోబెట్టి, ఎఫ్/5.6 పెట్టి, సెల్ఫ్ టైమర్ లాగి పక్కకు జరుగు. మీటరు కూడా పైకే చూస్తుంది కాబట్టి ఎన్ని సెకన్లు కావాలో అదే లెక్క చూసుకుంటుంది. నీ నీడ మాత్రం దాని మీద పడనివ్వొద్దు.

రీలును బైకు డిక్కీలో వదలొద్దు. ఎండాకాలం అది పొయ్యి లెక్క.

అనంత_రీలు (అనంతపురం):
ఫాయిల్ ఉండ పెట్టినా, పచ్చలైటు వచ్చింది! బొటనవేలి పరీక్షలో షట్టర్ చాలాసేపు తెరుచుకునే ఉంది. ఒక బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చా?

పెన్నా_నెగటివ్ (కడప):
కడుక్కోవచ్చు. హెచ్‌పీ5 ప్లస్ రీలు అయితే డీ-76 డెవలపర్ (బొమ్మ తేల్చే మందు)లో నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. కష్టమంతా ఆ 20 డిగ్రీలే. మన కొళాయి నీళ్లు వేసవిలో 30 దాటతాయి. సీసాలను టబ్బులో నిలబెట్టి, టబ్బు నీళ్లలో ఐసు వేయి. మందులో ఐసు వేస్తే పలచనైపోతుంది. ఫిక్సర్ (బొమ్మను నిలిపే మందు), కడిగే నీళ్లు కూడా అదే చల్లదనంలో ఉండాల, లేకుంటే ఫిల్మ్ మీది పూత ముడతలు పడుతుంది. చివరి ముంపుకు బోరు నీళ్లు వాడితే ఆరినాక తెల్ల మచ్చలు పడతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు తెచ్చుకో, అందులో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు బొట్లుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు) కొంచెం చాలు. ఫ్యాన్ ఆపి, స్నానాల గదిలో క్లిప్పుతో వేలాడదీయి.