మాల్దీవులు, భూటాన్: దిగుమతుల మీద ఎక్కువగా ఆధారపడినది ఎవరు?

లెక్కలపక్షి:
రెండూ పది లక్షల జనాభా దాటని దేశాలే. 2000 తర్వాతి సరుకుల దిగుమతులను డాలర్లలో గీసి చూస్తే రెండు గీతలూ పైకే పోయాయి గానీ, 2010 దాటాక మాల్దీవుల గీత భూటాన్ గీతను బాగా వెనక వదిలేసింది. తినే బియ్యం నుంచి ఇల్లు కట్టే సిమెంటు దాకా ఓడ మీద రావలసిందే కనుక, ఎక్కువగా ఆధారపడినది మాల్దీవులేనని నా వాదన. కాదనేవారు కారణం చెప్పగలరు.

తూకంరాయి:
గీత సరే, కొలబద్దలోనే తేడా ఉంది. భూటాన్ గుల్ట్రం భారత రూపాయితో సమాన విలువకు కట్టి ఉంది. మాల్దీవుల రుఫియాను 2011 ఏప్రిల్‌లో డాలరుకు 15.42 దాకా దిగనిచ్చాక అది అక్కడే నిలబడింది. 2011 ఆరంభంలో డాలరుకు 45 దగ్గర ఉన్న రూపాయి 2023 నాటికి 83కు చేరింది. భూటాన్ సరుకుల్లో అధికభాగం భారతదేశం నుంచి రూపాయల్లోనే వస్తుంది కాబట్టి, కొన్న పరిమాణం తగ్గకపోయినా డాలర్ల గీత కుంగుతుంది.

తలసరి లెక్క తీద్దామంటే అది మరీ చిక్కు. 2022 జనగణన ప్రకారం మాల్దీవుల్లో నివసించేవారు సుమారు 5.15 లక్షలు కాగా, 2019లో వచ్చిన పర్యాటకులు 17 లక్షల పైచిలుకు. వారు తిన్నదీ, వారి గదికి బిగించిన ఏసీ కూడా స్థానికుల తలల మీదే పడతాయి, వారు చెల్లించిన సొమ్ము మాత్రం సేవల ఎగుమతిగా వేరే పట్టికలో కూర్చుంటుంది. 2020లో మార్చి చివరి నుంచి జూలై మధ్య దాకా పర్యాటకులకు తలుపులు మూసిన ఏడాదే దిగుమతులు భారీగా పడిపోయాయి.

లెక్కలపక్షి:
పర్యాటకుల మాట ఒప్పుకుంటాను. రూపాయి మాట సగమే ఒప్పుకుంటాను, ఎందుకంటే పెట్రోలుకు భూటాన్ రూపాయల్లో చెల్లించినా ఆ ధర వెనక ఉన్నది డాలరే.

కొండదారి:
ఇద్దరూ మొత్తాలు చూస్తున్నారు, లోపలి సరుకును చూడడం లేదు. 2006-07లో మొదలైన 1020 మెగావాట్ల తాలా, 2019లో మొదలైన 720 మెగావాట్ల మాంగ్దేఛు వంటి జలవిద్యుత్ కేంద్రాలు కట్టినంతకాలం యంత్రాలూ ఉక్కూ దిగుమతిగా వచ్చి, కట్టాక విద్యుత్తు ఎగుమతిగా వెళ్తుంది. శీతాకాలంలో నదులు సన్నబడితే ఆ భూటానే భారత్ నుంచి విద్యుత్తు కొంటుంది. లెక్కల్లో అదీ సరుకే. మాల్దీవులు ఏడాది పొడవునా డీజిల్ కొని విద్యుత్తు చేసుకుంటాయి.

అంతమాత్రాన భూటాన్ నిశ్చింతగా ఉందనుకోవద్దు. 2012లో నిల్వల్లో డాలర్లు ఉండగానే రూపాయలకు కటకటపడింది. క్రిప్టో కరెన్సీ తవ్వే యంత్రాల కొనుగోలు కూడా దిగుమతులను పెంచిన 2022లో, విదేశీ మారకాన్ని కాపాడుకోవడానికి చాలా రకాల వాహనాల దిగుమతిని ఆపింది. అందుకే ఏ కరెన్సీలో చెల్లించాలో ఆ కరెన్సీలో వచ్చిన రాబడితో దిగుమతులను భాగించి గీయండి. 2012 దగ్గర భూటాన్ గీతే పైన ఉంటుందని నా అంచనా.

లెక్కలపక్షి:
గీస్తాను. అయితే మాల్దీవులు దిగుమతి చేసుకుని విదేశీ విమానాలకు తిరిగి అమ్మే ఇంధనాన్ని ముందే తీసివేయాలా, ఉంచాలా?