అరకు ఘాట్ సైకిల్ మీద ఎక్కినవాళ్లు ఉన్నారా? కాస్త సలహా కావాలి

నమస్కారమండీ. మేం నలుగురం, విశాఖలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లం. జనవరిలో ఓ ఆదివారం సైకిళ్ల మీద అరకు వెళ్దామని. కిలోమీటరుకు ఇంత అని తెలిసినవాళ్లు చందా రాస్తున్నారు. ఆ డబ్బుతో ఏజెన్సీలో ఒక హాస్టల్ పిల్లలకు దుప్పట్లు కొనాలి. అందుకే మధ్యలో ఆగిపోతే పరువు తక్కువ.

మొత్తం 115 కిలోమీటర్ల దాకా ఉంది. ఎస్.కోట (శృంగవరపుకోట) వరకు భయం లేదు. ఆ తర్వాత అనంతగిరి ఘాటే బెంగ. మొన్న కైలాసగిరి రోడ్డు మీద ప్రాక్టీసు చేస్తే రెండో మలుపులోనే నా పని అయిపోయింది. అన్నిటికన్నా చిన్న గేరులో ఉన్నా పెడల్ కదల్లేదు. లేచి నిలబడి తొక్కితే చైను టకటకమంది. దిగి తోసుకుంటూ పోతుంటే వాకింగ్‌కొచ్చిన ఓ తాతగారు నన్ను దాటేశారు!

నాది హైబ్రిడ్ (రోడ్డు సైకిలుకీ మౌంటెన్ సైకిలుకీ మధ్యరకం). ముందు చిన్న పళ్ల చక్రానికి 28 పళ్లు, వెనక పెద్దదానికీ 28. ఎక్కడం తేలికవుతుందని, వెనక పెద్దదానికి 34 పళ్లుండే ఫ్రీవీల్ (పళ్ల చక్రాల సెట్టు) వేయించమంటున్నాడు మెకానిక్. పాత డీరైలర్‌కే (గేరు మార్చినప్పుడు చైనును జరిపే భాగం) అది సరిపోతుందా, లేక డీరైలర్ కూడా మార్చాలా?

దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుందట. నిజమేనా? అంత రిస్కు ఎందుకని తిరుగు ప్రయాణం కిరండూల్ నుంచి విశాఖ వచ్చే రైల్లో అనుకుంటున్నాం. అరకు స్టేషన్లో సైకిళ్లు లగేజీగా ఎక్కించుకుంటారా? ఎక్కించినవాళ్లుంటే దయచేసి చెప్పండి.