హెచ్‌టీఎల్‌వీ రిపోర్టులో పీ24 గీత ఒక్కటే ఉంది, ఏమనుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. పోయిన నెల ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే నేనూ ఇచ్చాను. తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది: హెచ్‌టీఎల్‌వీ (తెల్ల రక్తకణాలకు సోకే ఒక వైరస్) స్క్రీనింగ్ రియాక్టివ్, అంటే మొదటి టెస్టులో అనుమానం వచ్చింది, నిర్ధారణ టెస్టులో మాత్రం ఏదీ తేలలేదు అని. హెచ్‌ఐవీ నెగటివ్. మన దేశంలో రక్తదాతలకు తప్పనిసరిగా చేసే టెస్టుల్లో ఇది లేదు, అందుకే పేరు వినడం కూడా ఇదే మొదటిసారి.

ఆ నిర్ధారణ టెస్టు (బ్లాట్) రిపోర్టు అడిగి తెప్పించుకున్నా. వైరస్‌లోని ఏ ప్రొటీన్‌కు మన రక్తంలోని యాంటీబాడీలు అతుక్కుంటే దాని దగ్గర గీత పడుతుందట. పీ24 దగ్గర సన్నటి గీత. పీ19, జీపీ21, జీపీ46 అన్నీ ఖాళీ. పీ24 అనగానే గుండె జారిపోయింది, హెచ్‌ఐవీలోనూ అదే పేరుంది కదా! తీరా చదివితే 24 అనేది ఆ ప్రొటీన్ బరువు, కిలోడాల్టన్లలో. అంటే పేరు కలిసింది కానీ ప్రొటీన్లు వేరు.

హెచ్‌టీఎల్‌వీ-1, 2 దగ్గరి చుట్టాలు కాబట్టి ఒకదాని యాంటీబాడీలు రెండోదాని ప్రొటీన్లకూ అతుక్కుంటాయట. హెచ్‌ఐవీ-1, 2 మధ్యా అంతే. అది అర్థమైంది. కానీ ఈ వైరస్‌లేవీ లేనివాళ్లకు కూడా ఇలా ఒంటరి గీత పడుతుందా? ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఇలాంటివి చూశారా? పీసీఆర్ (వైరస్ జన్యువుల కోసం వెతికే టెస్టు) అడగాలా, కొన్నాళ్లాగి మళ్లీ బ్లాట్ చేయించాలా?

నా టెన్షనంతా పాప గురించే. ఎనిమిదో నెల, ఇంకా నా పాలే తాగుతోంది. హెచ్‌టీఎల్‌వీ-1 తల్లిపాల ద్వారా సోకుతుందని చదివినప్పటి నుంచి పాలివ్వాలంటే చెయ్యి వణుకుతోంది. గురువారం డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. ఆవిడను ఏమేం అడగాలో కాస్త చెప్పండి.